పదేండ్ల పిల్లకు టీకా వేయించు పూచీ ఎవరిది?

పసిబిడ్డలకు టీకాలు వేయించుటలో మన కుటుంబములు అశ్రద్ధ చేయుచున్నవని ఎవరును నిందింపజాలరు. హోసూరులో గాని, బళ్లారిలో గాని, బరంపురములో గాని, షోలాపురపు మగ్గముల పేటలలో గాని, యానాములో గాని, బిడ్డ పుట్టినది మొదలు టీకాల కార్డును జాతకచక్రముతో పాటు పెట్టెలో భద్రపరచుట మన యిండ్లలో పరిపాటియైనది. నెలన్నరకు ఒకసారి, రెండున్నర నెలలకు ఒకసారి, మూడున్నర నెలలకు ఒకసారి, తొమ్మిది నెలలు నిండగానే మరియొకసారి అని అమ్మమ్మలు వ్రేళ్లు మడిచి లెక్క చెప్పగలరు. కాని పిల్ల బడిలో చేరిన పిమ్మట ఆ కార్డు పెట్టె అడుగునకు జారిపోవుచున్నది. పదవ యేట ఒకటి, పదునారవ యేట ఒకటి టీకా వేయించవలసియున్నదని ఎన్ని యిండ్లలో తెలియును? ఈ ప్రశ్నను ఇతరులను అడుగుటకు ముందు మేము మా యిండ్లలోనే అడిగి చూచితిమి. వచ్చిన జవాబు చెప్పుకొనదగినదిగా లేదు.

ఆ టీకాలేవో ముందుగా చెప్పుదుము. పదవ యేటను, పదునారవ యేటను ఇచ్చు టి.డి. టీకా ధనుర్వాతమునకును, కంఠసర్పి యను డిఫ్తీరియాకును అడ్డుకట్ట. పూర్వము ఈ వయస్సులో ధనుర్వాతపు టీకా మాత్రమే యిచ్చుచుండిరి. 2019లో దాని స్థానమున టి.డి.ని ప్రవేశపెట్టిరి. శైశవములో వేయించిన టీకా యిచ్చిన రక్షణ యేండ్లు గడచిన కొలది సన్నగిల్లును. 2016లో కేరళలోని మలప్పురము జిల్లాలో కంఠసర్పి మరల తలయెత్తినపుడు బడికి పోవు వయస్సు పిల్లలును దానివాత బడిరి. తాతల కాలపు జబ్బని మనము మరచినది మనలను మరువలేదు.

రెండవది బాలికలకు సంబంధించిన హెచ్.పి.వి. టీకా. గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరునకు ఈ పేరుగల వైరసు కారణమని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సూర్ హౌజెన్‌కు 2008లో నోబెలు బహుమానము లభించినది. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము ఆ ఒక్క యేడు మన దేశములో లక్షా యిరువది వేలకు పైగా స్త్రీలకు ఈ వ్యాధి సోకినది. డెబ్బది వేలకు పైగా మరణించిరి. వైరసు సోకిన పిమ్మట వేయించిన టీకా ఆ సోకిన దానిని తొలగింపజాలదు. కనుకనే తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల లోపల వేయించుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. పూనాలో తయారైన స్వదేశీ టీకాకు 2022లో అనుమతి లభించినది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థిక మంత్రి తమ బడ్జెటు ఉపన్యాసములో ఈ వయస్సు బాలికలకు టీకాను ప్రోత్సహింతుమని ప్రకటించిరి. మందు లేదను మాట ఇక చెల్లదు. ఆ మందును పిల్లవద్దకు చేర్చువారెవరన్నదే నేటి ప్రశ్న.

పసిబిడ్డను తల్లి ఎత్తుకొని ఆసుపత్రికి వచ్చును. పదేండ్ల పిల్ల ఆసుపత్రికి రాదు. వచ్చినను జ్వరమునకో, మోకాలి దెబ్బకో వచ్చి, చీటి వ్రాయించుకొని మందు తీసికొని పోవును. ఆ పిల్లకు టీకా బాకీ యున్నదా అని అడుగువారుండరు. బడివారు వైద్యశాల చూచుకొనునని అనుకొందురు. వైద్యశాలవారు బడిలో శిబిరము జరిగియుండునని అనుకొందురు. ఇంటివారు ఇరువురిలో ఎవరో ఒకరు చెప్పుదురని ఊరకుందురు. ముగ్గురు చుట్టములున్న యింట పిల్లకు అన్నము పెట్టినవారు లేరన్నట్లు, ఎదుగు పిల్లల టీకా ఎవరి పూచీయు గాక మిగిలిపోవుచున్నది.

ఈ లోపమునకు పెద్ద ప్రకటనలు, గోడపత్రికలు, మంత్రుల ప్రారంభోత్సవములు మందు కావని మా అభిప్రాయము. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను, ప్రతి చిన్న వైద్యశాలలోను అక్కడ నిత్యము పనిచేయువారిలో ఒకరికి శిక్షణ యిచ్చి, ఈ పనికి నాయకత్వము వహింపజేయవలెను. ఆ ఒకరు వైద్యులే కానక్కరలేదు. నర్సు కావచ్చును, ఏ.ఎన్.ఎం. కావచ్చును, మందులిచ్చు ఫార్మసిస్టు కావచ్చును. పేట ప్రజలు ఎరిగిన మనిషి కావలెను. పేటను ఎరిగిన మనిషి కావలెను.

బయటివారు వచ్చి నడపిన కార్యక్రమమునకు ఏ గతి పట్టినదో తెలుగువారమైన మనము ఎన్నటికిని మరువరాదు. 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసిరి. ఒక అంతర్జాతీయ సంస్థ, ప్రభుత్వ యంత్రాంగము కలిసి నడపిన కార్యక్రమమది. వారిలో గిరిజన బాలికలు, వసతిగృహములలో ఉండి చదువుకొను బాలికలు అనేకులు. కొందరు బాలికలు మరణించిరన్న వార్తలతో అలజడి రేగి, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయినది. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని అనేకుల సమ్మతిపత్రములపై తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు వార్డెనులు సంతకము చేసిరని తేలినది. 2013లో పార్లమెంటు సంఘము తన నివేదికలో ఈ తీరును తీవ్రముగా గర్హించినది. మందు మంచిదే కావచ్చును. అడుగవలసిన తల్లిని అడుగక పోవుటచే ఆ మంచిమందుపై పడిన మచ్చ మాసిపోవుటకు ఏండ్లు పట్టినది.

రెండవ పాఠము మనము నివసించు రాష్ట్రములలోనే జరిగినది. 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా వ్యాధుల టీకా కార్యక్రమమును దేశములో మొట్టమొదట ప్రారంభించిన ప్రాంతములలో కర్ణాటకము, తమిళనాడు, యానాముతో కూడిన పుదుచ్చేరి ఉన్నవి. తొమ్మిది నెలల బిడ్డ మొదలు పదునైదేండ్ల పిల్లల వరకు అందరికిని ఆ టీకా ఉద్దేశింపబడినది. తమిళనాడులో వాట్సాపు ద్వారా వదంతులు వ్యాపించి, తల్లిదండ్రులు జంకి, గడువును పొడిగింపవలసి వచ్చినది. ఆనాడు మన యిండ్లలోను ఆ వదంతులు తిరిగినవి. దాచి ప్రయోజనము లేదు. వదంతిని నమ్మినవారు మూర్ఖులు కారు. నమ్మదగిన మనిషి ఎదుట నిలిచి మాటాడనపుడు చేతిలోనున్న ఫోనే మాటాడును.

దీనికి ప్రతిగా సిక్కిము ఉదాహరణమున్నది. ఆ చిన్న రాష్ట్రము 2018లో తొమ్మిది మొదలు పదుమూడేండ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయ సంకల్పించినపుడు, సూది చేతబట్టుటకు ముందు ఆరోగ్య సిబ్బందికిని, ఉపాధ్యాయులకును శిక్షణ యిచ్చినది. విలేఖరులతోను, తల్లిదండ్రులతోను మాటాడినది. నూటికి తొంబదియైదుగురికి పైగా బాలికలు టీకా వేయించుకొనిరి. ఖమ్మములోను సిక్కిములోను వ్యాధి ఒక్కటే. భేదమంతయు ఆ మందు నిచ్చినవారి సంసిద్ధతలో ఉన్నది.

అయితే శిక్షణ యనగా ఏమి? ఒకనాడు జిల్లా కేంద్రమునకు పిలిచి, ఉపన్యాసము వినిపించి, ఫలహారము పెట్టి పంపుట శిక్షణ కాదు. మా దృష్టిలో నాలుగు పనులు నేర్పవలెను.

మొదటిది లెక్క. తమ పరిధిలో పదవయేడు నిండినవారు, పదునారవయేడు నిండినవారు ఎందరో పేరుపేరున పట్టిక వ్రాసికొనవలెను. నెలకొకమారు ఎందరు వచ్చిరి, ఎందరు మిగిలిరి అని గోడమీద వ్రాసి సిబ్బంది అందరును చూడవలెను. లెక్క లేని చోట అందరికిని వేసినట్లే తోచును.

రెండవది ఏ అవకాశమును జారవిడువకుండుట. పిల్ల ఏ కారణము చేత గుమ్మము త్రొక్కినను, ఓ.పి. చీటి వ్రాయు గుమాస్తా వయస్సు చూచి గుర్తు పెట్టవలెను. నర్సు కార్డు అడుగవలెను. వైద్యులు ఒక మాట చెప్పవలెను. ముగ్గురును ఒకే మాట చెప్పవలెను. గుమాస్తా ఒకటి, డాక్టరు మరియొకటి చెప్పిన వైద్యశాలను తల్లి నమ్మదు.

మూడవది చెప్పు తీరు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రములో 30 వైద్యశాలలలో జరిపి 2017లో ప్రకటించిన ఒక పరిశోధన ఈ విషయమున గమనింపదగినది. కొన్ని వైద్యశాలల వారికి గంటసేపటి శిక్షణ యిచ్చి, “మీ పిల్లకు ఈ వయస్సులో ఈ టీకాలు వేయవలసియున్నవి, ఈ దినమే వేయుదుము” అని నిశ్చయముగా మొదలుపెట్టుట నేర్పిరి. మరికొన్నిటి వారికి తల్లిదండ్రుల అభిప్రాయమును అడుగుచు చర్చగా సాగించుట నేర్పిరి. ఆరునెలల పిమ్మట చూడగా, నిశ్చయముగా చెప్పుట నేర్చిన చోట పదునొకండు, పండ్రెండేండ్ల పిల్లలలో హెచ్.పి.వి. టీకా మొదలుపెట్టినవారు నూటికి అయిదుగురు చొప్పున పెరిగిరి. చర్చ నేర్చినచోట చెప్పదగిన భేదము కనబడలేదు. చెప్పువాడే తడబడిన, వినువాడు వెనుకకు తగ్గునని మన పెద్దలకు తెలియని సంగతి కాదు. కాని ఈ పద్ధతిని ఉన్నదున్నట్లు మన గడ్డమీద నాటరాదని మా మనవి. ఖమ్మము జ్ఞాపకమున్న దేశములో నిశ్చయముగా చెప్పుట మొదటి మెట్టు మాత్రమే. తల్లి సందేహమును కూర్చుండి వినుట రెండవ మెట్టు. ఆమె సరే యనిన పిమ్మటనే సూది తీయుట మూడవ మెట్టు. మొదటి మెట్టు నేర్పి తక్కిన రెండును విడిచిన శిక్షణ శిక్షణ కాదు, ఒత్తిడి.

నాలుగవది టీకా వేసిన తరువాతి అరగంట. ఎదుగు పిల్లలలో కొందరు సూదిభయము చేతనే కండ్లు తిరిగి పడిపోవుదురు. ఇది మందు చేసిన కీడు కాదు. కాని వరుసలో నిలిచిన ఒక పిల్ల పడిపోగా చూచి, వెనుకనున్న నలుగురు పడిపోయిన, సాయంకాలమునకు అది ఊరంత వార్తయగును. శిక్షణ పొందిన నర్సు పిల్లను ఏదైన తిని రమ్మనును. కూర్చుండబెట్టి, అవసరమైన పరుండబెట్టి సూది వేయును. అరగంట కనిపెట్టి యుండును. ఇట్లు జరుగవచ్చునని తల్లికి ముందే చెప్పును. ఈ చిన్న తెలివి లేనిచోట ఒక్క మూర్ఛ పదేండ్ల నమ్మకమును తుడిచివేయును.

ఇక మన భాష సంగతి. ఈ పత్రిక ద్వారా మనము బడులను గూర్చియు, ప్రభుత్వ ప్రకటనలను గూర్చియు విజ్ఞప్తులు చేయుచునే యున్నాము. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ, 350-బి అధికరణములను మన సభలలో వల్లించుచునే యున్నాము. కనుక టీకా విషయమునను, “తెలుగులో కరపత్రములు ముద్రింపుడు” అని మరియొక తీర్మానము చేసి పంపుట మనకు సులభము. అది చాలదని చెప్పుటయే ఈ వ్యాసమునకు కారణము.

మేమెరిగిన ఒక కుటుంబమున్నది. తమిళనాడులో ఒక పట్టణములో నాలుగు తరములుగా నివసించుచున్నారు. ఇంట మాటాడునది తెలుగు. మనుమరాలు తమిళ మాధ్యమములో చదువుచున్నది. తల్లి తమిళము మాటాడును, చదువును. కాని వైద్యపు మాటలలో వ్రాసిన కాగితము ఆమెకు కొరుకుడు పడదు. ఇంట నిర్ణయము చేయునది అమ్మమ్మ. ఆమెకు ఏ లిపియు రాదు. బడినుండి సమ్మతిపత్రము వచ్చినది. దానిని పిల్లయే తెలుగులో చెప్పవలసి వచ్చినది. తన శరీరమునకు సంబంధించిన సంగతిని పండ్రెండేండ్ల పిల్ల తన అమ్మమ్మకు ఏ మాటలలో చెప్పగలదు? సిగ్గుపడి సగము చెప్పినది. ఆ సగమును అమ్మమ్మ మరియొక విధముగా గ్రహించినది. కాగితము సంతకము లేకయే తిరిగిపోయినది. వైద్యశాలలో ఎవరును ఎందుకని అడుగలేదు. “ఇష్టపడలేదు” అని గుర్తు పెట్టుకొనిరి. నిజమునకు వారు వలదనలేదు. వారిని అడిగినవారే లేరు.

ఈ యింటికి తెలుగు కరపత్రము పంపినను ఫలమేమి? తల్లికిని, కూతురికిని తెలుగు మాటాడవచ్చును గాని తెలుగు అక్షరములు రావు. ఒప్పుకొనుటకు కష్టముగా నున్నను, రాష్ట్రేతరులమైన మనలో అనేక కుటుంబముల స్థితి ఇదియే. వారికి కావలసినది అచ్చుకాగితము కాదు. తెలుగులో నాలుగు మాటలు చెప్పగల మనిషి. షోలాపురములో బీడీలు చుట్టుకొను తల్లికిని, గంజాము జిల్లాలో కూలికి పోవు తల్లికిని ఇదియే అవసరము. కనుక వైద్యశాల సిబ్బందికిచ్చు శిక్షణలో, ఆ పేటలో ఏయే భాషలవారున్నారో కనుగొని, ఆ భాష వచ్చిన సిబ్బందిని వారిచెంతకు పంపు ఏర్పాటు ఒక భాగము కావలెను. పిల్లను దుబాసీగా వాడరాదన్నది ఒక నియమము కావలెను.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. ఆరోగ్య సిబ్బంది నెత్తిన ఇప్పటికే మోయలేనంత పని యున్నదని మొదటిది. ఇది నిజము, త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఏ.ఎన్.ఎం. గర్భిణులను చూడవలెను, బాలింతలను చూడవలెను, రిజిస్టర్లు నింపవలెను. ఆమె చేతికి మరియొక రిజిస్టరు ఇచ్చి “నీవే నాయకురాలవు” అనుట పరిహాసమే. నాయకత్వ మిచ్చువారు అందుకు వారమునకు కొన్ని గంటల సమయమును, సహాయకుని, మాట చెల్లు అధికారమును కూడ ఇయ్యవలెను. అవి యియ్యక యిచ్చిన బిరుదు బరువే యగును.

రెండవ ఆక్షేపణ మన యిండ్లలో నుండియే వచ్చును. పెండ్లి కాని పిల్లకు ఇట్టి వ్యాధికి టీకా యేల, నలుగురు ఏమనుకొందురని పెద్దలు సందేహింతురు. వారి సంకోచమును మేము ఎగతాళి చేయము. కాని వారికొక్క మాట చెప్పుదుము. వర్షము మొదలైన పిమ్మట ఇల్లు నేయించువారు లేరు. ఈ టీకాయు అట్టిదే. అవసరము వచ్చుటకు ముందే వేయించినగాని పనికిరాదు. పిల్ల నడతను గూర్చి అది యేమియు చెప్పదు. నలుబది, ఏబది యేండ్లకు, తన పిల్లల పెండ్లిండ్లు చేయవలసిన వయస్సులో, ఆ పిల్ల మంచము పట్టకుండునట్లు నేడు తల్లి చేయగల ఉపకారమది. మరియు టి.డి. టీకాకు ఈ సంకోచము కూడ లేదు గదా. అదియు మన యిండ్లలో ఏల తప్పిపోవుచున్నది?

ప్రభుత్వమును కోరుటతో మన పని తీరదు. మన సంఘ శాఖలు ఈ సంవత్సరము మూడు పనులు చేయవచ్చును. ఒక్కొక్క శాఖయు తన పేటలోని ఆరోగ్య కేంద్రమునకు పోయి, ఎదుగు పిల్లల టీకాకు బాధ్యులెవరో అడిగి తెలిసికొనవలెను. ఎవరును లేరన్నచో, ఒకరిని నియమింపుడని వ్రాతమూలకముగా వైద్యాధికారిని కోరవలెను. మన కుటుంబములలో నర్సులుగా, ఫార్మసిస్టులుగా, ఆశా కార్యకర్తలుగా పనిచేయు స్త్రీలు, పురుషులు గలరు. వారిని మన ఉగాది సభలలో వేదిక క్రింద కూర్చుండబెట్టి వక్తల మాటలు వినిపించుటకు మారుగా, ఒక సాయంకాలము వారినే వేదిక మీదికి పిలిచి, తల్లుల ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పుమని కోరవలెను. ఇక, తెలుగు తెలియని నర్సు ఉన్నచోట, పేటలో అందరెరిగిన పెద్ద ముత్తయిదువ ఒకతె ఆమె వెంట కూర్చుండి మాట సాయము చేయవలెను. ఇందులకు చందాలు అవసరము లేదు. తీర్మానములు అవసరము లేదు.

భాషను కాపాడుకొనుట యనగా పద్యములను, పండుగలను కాపాడుకొనుట మాత్రమే కాదు. తల్లి తన భయమును తన మాటలో చెప్పి, ఆ మాటలోనే జవాబు పొందగలిగినపుడు భాష బ్రదికియున్నట్లు. పెట్టె అడుగున పడియున్న ఆ కార్డును ఈ రాత్రి ఒకమారు పైకి తీసి, పిల్ల వయస్సుతో సరిపోల్చి చూడుడని పాఠకులను ప్రార్థించుచున్నాము. ఖాళీగా నున్న గడి కనబడినచో, రేపు ఉదయము వైద్యశాలకు పోయి, దానిని నింపువారెవరని అడుగుడు.